వైకుంఠపాళి

వైకుంఠపాళి లేదా పరమపద సోపాన పటము తెలుగువారి ఇళ్ళలో తరతరాలుగా ఆడుకుంటున్న పటము ఆట. పాచికతో గాని, గవ్వలతో గాని, చింతపిక్కలతో గాని పందెం వేసి, పడిన సంఖ్యను బట్టి పావును గడి నుండి గడికి జరుపుతారు. దారిలోని పాములను తప్పించుకొని, నిచ్చెనలు ఎక్కి, పటము పైభాగాన ఉన్న వైకుంఠాన్ని చేరడం ఆట లక్ష్యం. పాములలో పెక్కింటికి పురాణాలలోని రాక్షసుల, దుష్టుల పేర్లు, నిచ్చెనలకు భక్తి, జ్ఞానము వంటి సుగుణాల పేర్లు ఉంటాయి. ఈ ఆట 19వ శతాబ్దపు చివరలో ఇంగ్లాండు చేరి "స్నేక్స్ అండ్ ల్యాడర్స్" అనే పేరుతో ప్రపంచమంతటా వ్యాపించినది.

పాచికలు వేసి రాక్షసులను ఎదుర్కొనే ఆటలు నేడు పలు దేశాలలో ప్రచారములో ఉన్నాయి. తెలుగునాట ఆ కోవకు అతి దగ్గరగా వచ్చే ఆట వైకుంఠపాళి. అయితే ఇందులో రాక్షసునితో యుద్ధము లేదు. ఆటగాడు అతనిని చంపలేడు, తప్పించుకోగలడు, లేదా అతని నోట పడి క్రిందికి జారగలడు.

పేరు

పరమపదము అనగా విష్ణువు నివాసమైన వైకుంఠము. సోపానము అనగా మెట్టు. పటము అనగా బొమ్మ గీసిన గుడ్డ లేదా కాగితము. కనుక "పరమపద సోపాన పటము" అనే పేరుకు వైకుంఠానికి మెట్లు చూపే బొమ్మ అని అర్థము. అచ్చు పటాలపై ఎక్కువగా ఈ పేరే కనిపిస్తుంది. ఆడేవారి నోట మాత్రము వైకుంఠపాళి అనే పేరే ఎక్కువ. పిల్లలు దీనిని "పాముల పటం" అని, "పాములూ నిచ్చెనల ఆట" అని కూడా అంటారు. మహారాష్ట్రలో దీనికి మోక్షపటము అని, గుజరాతు, రాజస్థాన్‌లలోని జైనులలో జ్ఞానబాజీ, జ్ఞాన చౌపడ్ అని, నేపాలులో నాగపాశము అని పేర్లు. తమిళనాడులో పరమపద సోపానము అనే పేరే వాడుకలో ఉన్నది.

పటము అమరిక

తెలుగునాట ఎక్కువగా దొరికే అచ్చు పటములో 132 గళ్ళు ఉంటాయి. లెక్క క్రింది వరుసలో మొదలవుతుంది. ఒక వరుసలో ఎడమ నుండి కుడికి సాగిన అంకెలు, దాని పై వరుసలో కుడి నుండి ఎడమకు సాగుతాయి. నాగలి పట్టిన రైతు సాలు చివర ఎడ్లను మళ్ళించినట్లు పావు ప్రతి వరుస చివర మళ్ళుకొని పైకి వెళ్తుంది.

క్రింది వరుసలలో పంది, కుక్క, కోతి వంటి జంతువుల బొమ్మలు ఉంటాయి. పాము కాటు పడిన పావు జారి ఈ జన్మలలో పడుతుందని భావము. నడిమి వరుసలలో గుణాలు, దోషాలు, వాటి ఫలాలు ఉంటాయి. పై వరుసలలో సత్యలోకము, కైలాసము, వైకుంఠము మొదలైన లోకాలు, వాటి అధిదేవతల బొమ్మలు ఉంటాయి. పటానికి పైన లక్ష్మీసమేతుడైన విష్ణువు బొమ్మ సాధారణము.

ఈ విధముగా పటము నిలువుగా చూసినప్పుడు ఒక లోకపటములా కనిపిస్తుంది. అంకెలు చదవలేని పిల్లవాడు కూడా బొమ్మలను బట్టి తాను ఎంత పైన ఉన్నాడో తెలుసుకోగలడు. గళ్ళలో వ్రాసిన పేర్లు, పాముల పొడవు, నిచ్చెనల స్థానాలు అచ్చు వేసినవారిని బట్టి కొంత మారుతుంటాయి.

ఆడే విధానము

ఇద్దరు మొదలు ఎందరైనా ఆడవచ్చును. నలుగురు ఐదుగురు ఉంటే ఆట రక్తి కడుతుంది.

పావులు: ఒక్కొక్కరికి ఒక్క పావు చాలు. గవ్వ, గాజుముక్క, బొత్తాము, రంగురాయి, కందిగింజ, చేతికందిన ఏ వస్తువైనా పావుగా పనికివస్తుంది. ఎవరి పావు ఏదో తెలిసేలా వేరు వేరు వస్తువులు తీసుకుంటారు.

పందెపు సామగ్రి: పూర్వము గవ్వలు, లేదా ఒక ప్రక్క తెల్లబడే వరకు బండపై అరగదీసిన చింతపిక్కలు వాడేవారు. వెల్లకిలా పడిన గవ్వలను, లేదా తెలుపు పైకి వచ్చిన పిక్కలను లెక్కించి పావును జరుపుతారు. అన్నీ బోర్లా పడితే ప్రత్యేక విలువ ఇచ్చే ఆచారము పలుచోట్ల ఉన్నది. ఇప్పుడు ఆరు ముఖాల పాచిక వాడకము ఎక్కువ.

నియమాలు:

1. ఆటగాళ్ళు వరుసగా పందెం వేస్తారు. పడిన సంఖ్య ఎంతో అన్ని గళ్ళు పావు ముందుకు జరుగుతుంది.

2. పావు ఆగిన గడిలో నిచ్చెన అడుగు ఉంటే, ఆ నిచ్చెన చివర ఉన్న గడికి ఎక్కుతుంది.

3. పావు ఆగిన గడిలో పాము తల ఉంటే, ఆ పాము తోక ఉన్న గడికి దిగుతుంది. తోక ఉన్న గడిలో ఆగితే ఏమీ కాదు.

4. పాము తలను లేక నిచ్చెన అడుగును దాటుకొని పోతే వాటి ప్రభావము ఉండదు. సరిగ్గా ఆ గడిలో ఆగినప్పుడే వర్తిస్తుంది.

5. ఆరు పడితే మరొక పందెం వేయవచ్చును. వరుసగా మూడు ఆరులు పడితే అవి చెల్లవని కొందరి నియమము.

6. చివరి గడికి చేరడానికి ఎన్ని కావాలో సరిగ్గా అన్నే పడాలి. ఎక్కువ పడితే పావు కదలదు.

ఒకే గడిలో రెండు పావులు ఉండవచ్చును. అష్టాచెమ్మా, పచ్చీసులలో వలె ఎదుటివారి పావును చంపడం ఈ ఆటలో లేదు. ఎవరి ప్రయాణము వారిదే. ఒకరు వైకుంఠము చేరినా మిగిలినవారు ఆట కొనసాగిస్తారు.

పందెముల లెక్క

వైకుంఠపాళిలో నేర్పుకు చోటు లేదు. పెద్దవారు, పిల్లలు, ఆట కొత్తగా నేర్చినవారు అందరికీ గెలిచే అవకాశము సమానమే. అయినా అవకాశాల లెక్కలో కొన్ని విశేషాలు ఉన్నాయి.

ఆరు ముఖాల పాచికతో ఒక పందెములో పడే సగటు 3.5. అందువలన చాలా దూరములో ఉన్న ఏదైనా ఒక గడిలో పావు ఆగే అవకాశము సుమారు 7లో 2 వంతులు. అంటే ఒంటరిగా ఉన్న ఒక పాము తలను ఏడుసార్లు దాటవలసి వస్తే సగటున రెండుసార్లు కాటు పడుతుంది.

పాముకు దగ్గరగా వచ్చిన తరువాత ఈ అవకాశము మారుతుంది. మధ్యలో వేరే పాము, నిచ్చెన లేవనుకుంటే, పాము తలకు ఒక గడి వెనుక ఉన్న పావుకు కాటు పడే అవకాశము 6లో 1 వంతు మాత్రమే, అనగా సుమారు 17 శాతము. మూడు గళ్ళ వెనుక ఉంటే సుమారు 23 శాతము. ఆరు గళ్ళ వెనుక ఉంటే అది అత్యధికముగా 36 శాతానికి చేరుతుంది. పాము ప్రక్క గడిలో నిలిచిన ఆటగాడు భయపడతాడు గాని, నిజానికి ఆరు గళ్ళ వెనుక ఉన్నవాడికే ప్రమాదము ఎక్కువ.

గవ్వలతో ఆడితే లెక్క వేరు. గవ్వ రెండు వైపులా సమానముగా పడుతుందనుకుంటే, ఆరు గవ్వలలో సరిగ్గా మూడు వెల్లకిలా పడే అవకాశము 64లో 20. ఆరూ వెల్లకిలా పడే అవకాశము 64లో ఒక్కటి. కనుక పాచికతో ఆడినప్పటి కంటే గవ్వలతో ఆడినప్పుడు ఆరు పడడం చాలా అరుదు, మూడు పడడం చాలా సాధారణము. అమ్మమ్మల కాలపు ఆటలో "ఆరు" పడినప్పుడు అంత సంబరము కలగడానికి ఇది ఒక కారణము.

పాములు, రాక్షసులు

వైకుంఠపాళిని ఇతర పటము ఆటల నుండి వేరు చేసేవి గళ్ళలోని పేర్లు. పాములకు రావణుడు, నరకాసురుడు, బకాసురుడు, దుర్యోధనుడు వంటి పేర్లు పెట్టిన పటాలు ఉన్నాయి. కొన్ని పటాలలో పేరుతో పాటు దోషము కూడా ఉంటుంది. అహంకారము, దుష్టత్వము, ద్రోహము, మూర్ఖత్వము అటువంటివి. అంటే పాము, రాక్షసుడు, మనిషిలోని దుర్గుణము అనే మూడూ ఒకే బొమ్మలో చేరినవి.

పురాణ కథలలో ఈ రాక్షసులను వీరులు వధిస్తారు. బకాసురుని భీముడు చంపుతాడు. నరకాసురుని వధను దీపావళిగా జరుపుకుంటాము. రావణుని రాముడు సంహరిస్తాడు. పటముపై మాత్రము వారు చావలేదు. ప్రతి ఆటలో అదే గడిలో నోరు తెరుచుకొని ఉంటారు. ఆటగాని చేతిలో కత్తి లేదు, బాణము లేదు. దోషాన్ని ఒకసారి చంపి వదిలించుకోవడము సాధ్యము కాదని, దారిలో ప్రతిసారీ తప్పుకొని పోవలసినదేనని ఈ అమరిక చెప్పకనే చెబుతుంది.

వీటన్నిటిలో ప్రసిద్ధమైనది పటము పైభాగాన, నూరు గళ్ళు దాటిన తరువాత ఎదురయ్యే పెద్దపాము. తెలుగు పటాలలో దీనికి అరుకాసురుడు అనే పేరు కనిపిస్తుంది. దీని తల వైకుంఠానికి చేరువలోను, తోక అడుగు వరుసలలోను ఉంటుంది. అన్ని నిచ్చెనలు ఎక్కి, దాదాపు గమ్యము చేరిన పావును ఇది ఒక్క కాటుతో ఆట ఆరంభానికి దింపుతుంది. చిన్న పాములు చిన్న దోషాలకు చిన్న శిక్ష వేస్తే, పెద్దపాము పైకి వెళ్ళినవాని పతనాన్ని చూపుతుంది.

నిచ్చెనలకు సుగుణము, సత్ప్రవర్తన, నిష్ఠ, యాగము, యోగము, భక్తి, చిత్తశుద్ధి, జ్ఞానము వంటి పేర్లు ఉంటాయి. అవి పావును వివిధ లోకాలకు చేరుస్తాయి. సంప్రదాయ పటాలలో చాలావరకు నిచ్చెనల కంటే పాముల సంఖ్య ఎక్కువ. మంచిదారిలో పైకి పోవడము కష్టమని, జారడము తేలికని దీని సూచన.

చరిత్ర

భారతదేశములో పాచికల ఆట చాలా ప్రాచీనము. ఋగ్వేదము పదవ మండలములో జూదరి దుఃఖాన్ని వర్ణించే సూక్తము ఉన్నది. మహాభారతము సభాపర్వములో ధర్మరాజు పాచికలాటలో రాజ్యాన్ని, తమ్ములను, తనను, ద్రౌపదిని ఒడ్డి ఓడిపోతాడు. 11వ శతాబ్దములో నన్నయ తెనిగించిన భాగములో ఈ ఘట్టము ఉన్నది. కనుక తెలుగు పాఠకునికి పాచిక అనగానే జూదము, నాశనము గుర్తుకు రావడము సహజము. వైకుంఠపాళి అదే పాచికను తీసుకొని, ఒడ్డేది ఏమీ లేకుండా చేసి, ధర్మబోధకు ఉపయోగించినది.

ఈ ఆటను 13వ శతాబ్దపు మరాఠీ సంత్ జ్ఞానేశ్వరుడు రూపొందించాడని మహారాష్ట్రలో ప్రతీతి. ఇది సంప్రదాయముగా చెప్పుకునే మాట. నేడు లభిస్తున్న పాత పటాలు ఎక్కువగా 18, 19 శతాబ్దాలవి. గుడ్డపైన, కాగితముపైన రంగులతో గీసిన ఈ పటాలు భారతదేశములోను, విదేశాలలోను పలు ప్రదర్శనశాలలలో ఉన్నాయి. వీటిని గురించి ఆండ్రూ టాప్స్‌ఫీల్డ్ అనే కళాచరిత్రకారుడు 1985లో ఒక విపులమైన వ్యాసము ప్రచురించాడు.

దక్షిణాదిన పటము ఆటలను ప్రోత్సహించినవారిలో మైసూరు పాలకుడు మూడవ కృష్ణరాజ ఒడయరు (1794-1868) ముఖ్యుడు. ఆయన పాత ఆటలను సేకరించడమే కాక కొత్త పటాలను, కొత్త ఆటలను స్వయముగా కల్పించాడు. తెలుగువారి ఆటలను గురించి సురవరము ప్రతాపరెడ్డి 1949లో వెలువడిన తన "ఆంధ్రుల సాంఘిక చరిత్ర"లో వివిధ కాలాల ప్రకరణాలలో ప్రస్తావించాడు.

పటము విస్తరణలు

నేటి వాణిజ్య ఆటలకు మూలపు పెట్టెతో పాటు "విస్తరణ" పెట్టెలు వేరుగా అమ్ముతారు. వైకుంఠపాళికి అటువంటి పెట్టెలు లేవు గాని, ఆట ఒక సంప్రదాయము నుండి మరొక సంప్రదాయానికి వెళ్ళినప్పుడల్లా పటము మారినది, గళ్ళు పెరిగినవి లేదా తగ్గినవి. నియమాలు మాత్రము దాదాపు అవే.

72 గళ్ళ పటము: ఇది వైష్ణవ సంప్రదాయానికి చెందినది. నేపాలులోను ఈ రకము ఉన్నది. ఇందులో గమ్యము చివరి గడి కాదు, 68వ గడి. అక్కడ ఆగలేక దాటిపోయిన పావు పై వరుసలో ముందుకు సాగి, 72వ గడిలోని తమోగుణమనే పాము నోట పడి 51వ గడికి, అనగా భూమికి దిగవలసి వస్తుంది. గమ్యాన్ని మించిపోవడము కూడా పతనమే అన్నది ఈ పటములోని విశేషము. హరీశ్ జోహరి "లీల" అనే పేరుతో ఆంగ్లములో వివరించినది ఈ రకము పటాన్నే.

84 గళ్ళ పటము: ఇది జైనులది. కర్మబంధాలు, జీవుని గతులు, స్వర్గాలు ఇందులో గళ్ళుగా ఉంటాయి. పైభాగాన ముక్తజీవులు ఉండే సిద్ధశిల గమ్యము.

నూరు గళ్ళ పటము: ఇది సూఫీ సంప్రదాయానికి అనుగుణముగా మార్చినది. ఇందులో సాధకుని దశలు, అడ్డంకులు గళ్ళుగా ఉండి, దైవ సింహాసనము గమ్యముగా ఉంటుంది.

132 గళ్ళ పటము: తెలుగు, తమిళ ప్రాంతాలలో అచ్చు ద్వారా వ్యాపించినది. రామాయణ, భారత, భాగవత కథలలోని పాత్రలు ఇందులో ఎక్కువగా చేరినవి.

ఒకే ఆట ఇన్ని మతాలవారికి పనికిరావడానికి కారణము దాని నిర్మాణము. పందెం, పాము, నిచ్చెన అనే మూడు అంశాలు మారవు. గడిలో ఏ పేరు వ్రాస్తే ఆ పేరే బోధ అవుతుంది. అందువలన ఈ ఆటలో విస్తరణ అనగా కొత్త నియమము కాదు, కొత్త పేరు.

తెలుగునాట ఆచారము

వైకుంఠపాళి ఆడే ముఖ్య సందర్భము ముక్కోటి ఏకాదశి. ధనుర్మాసములో వచ్చే ఈ పర్వదినాన్ని వైకుంఠ ఏకాదశి అని కూడా అంటారు. ఆనాడు వైష్ణవ ఆలయాలలో ఉత్తర ద్వార దర్శనము, భక్తులకు ఉపవాసము, రాత్రి జాగరణ ఉంటాయి. తెల్లవార్లూ నిద్ర పట్టకుండా ఉండడానికి ఇంటిల్లిపాది పటము చుట్టూ చేరుతారు. ఉదయము ఆలయములో చూసిన వైకుంఠ ద్వారము రాత్రికి పటములో గమ్యముగా కనిపిస్తుంది. శివరాత్రి జాగరణలోను ఈ ఆట ఆడేవారు ఉన్నారు.

నెల్లూరు తీర ప్రాంతములో ఈ పర్వదినానికి ప్రాముఖ్యము ఉన్నది. నెల్లూరు పట్టణములో పెన్నా నది ఒడ్డున తల్పగిరి రంగనాథస్వామి ఆలయము, ఉత్తరాన బోగోలు మండలములోని కొండబిట్రగుంటలో ప్రసన్న వేంకటేశ్వరస్వామి ఆలయము ఉన్నాయి. బోగోలు వద్దనున్న బిట్రగుంట రైల్వే స్టేషను చెన్నై-విజయవాడ మార్గములో ఉన్నది. ఆవిరి ఇంజన్ల కాలములో అది పెద్ద రైల్వే కేంద్రము. గుడి, రైలు, సముద్రము మూడూ దగ్గరగా ఉన్న ఇటువంటి ఊళ్ళలో తిరునాళ్ళ అంగళ్ళు, పుస్తకాల దుకాణాలే అచ్చు పటాలు ఇళ్ళకు చేరే మార్గాలు. గవ్వలు, చింతపిక్కలు ఇంట్లోనే ఉంటాయి కనుక పటము ఒక్కటి కొంటే చాలు.

వేసవి సెలవులలో మధ్యాహ్నపు ఎండకు బయటికి పోనివ్వకుండా పిల్లలను ఇంట కూర్చోబెట్టడానికి కూడా పెద్దలు ఈ పటము పరుస్తారు. చదవడము వచ్చిన పిల్లవాడు పాము పేరు బిగ్గరగా చదువుతాడు. ఆ రాక్షసుడు ఎవరో, ఏమి చేశాడో అవ్వ గాని తాత గాని చెబుతారు. ఈ విధముగా ఒక్కొక్క కాటు ఒక్కొక్క కథకు మొదలు అవుతుంది. అక్షరాలు, అంకెలు, పురాణ పాత్రలు ఒకేసారి పరిచయము కావడము ఈ ఆట వలన కలిగే ప్రయోజనము.

పాశ్చాత్య దేశాలలో

ఆంగ్లేయుల పాలనా కాలములో ఈ ఆట ఇంగ్లాండు చేరినది. 1892లో లండనుకు చెందిన ఎఫ్. హెచ్. ఏయర్స్ దీనికి అక్కడ పేటెంటు పొందాడు. తొలి ఆంగ్ల పటాలలో నీతిబోధ మిగిలి ఉన్నది. పొదుపు, పశ్చాత్తాపము, శ్రమ అనే నిచ్చెనలు సంతృప్తికి, విజయానికి చేర్చేవి. సోమరితనము, అవిధేయత అనే పాములు పేదరికానికి, అవమానానికి దింపేవి. మోక్షము స్థానములో లౌకిక విజయము వచ్చి చేరినది. పాముల సంఖ్య తగ్గి నిచ్చెనలతో సమానమైనది.

20వ శతాబ్దములో ఆ పేర్లు కూడా పోయి నూరు గళ్ళు, అంకెలు, పాములు, నిచ్చెనలు మాత్రమే మిగిలిన పటము సాధారణమైనది. అమెరికాలో మిల్టన్ బ్రాడ్లీ సంస్థ 1943లో "చూట్స్ అండ్ ల్యాడర్స్" పేరుతో పాములకు బదులు జారుడు బల్లలు పెట్టి విడుదల చేసినది. గణిత శాస్త్రజ్ఞులు ఈ పటాన్ని సంభావ్యతా పాఠాలకు వాడుకున్నారు. 1993లో వెలువడిన ఒక గణిత వ్యాసము ప్రకారము ఆ పటముపై ఒక ఆటగాడు ఆట ముగించడానికి సగటున సుమారు 39 పందెములు పడతాయి.

ఆ విధముగా పేర్లు తీసివేసిన పటమే తిరిగి భారతదేశానికి వచ్చి, నేడు బొమ్మల దుకాణాలలో ఎక్కువగా దొరుకుతున్నది.

రాక్షసులతో పోరాడే ఆధునిక ఆటలు

పాశ్చాత్య దేశాలలో పాచికతో రాక్షసులను ఎదుర్కొనే మరొక రకము ఆటలు 1970ల నుండి వృద్ధి చెందినవి. టీఎస్ఆర్ సంస్థ 1975లో విడుదల చేసిన "డంజన్" ఆటలో పావులు నేలమాళిగలలో తిరుగుతూ, పాచికలు వేసి రాక్షసులను ఓడించి నిధులు సంపాదిస్తాయి. 1983లో గేమ్స్ వర్క్‌షాప్ సంస్థ "టాలిస్మన్", 1989లో మిల్టన్ బ్రాడ్లీ సంస్థ "హీరోక్వెస్ట్" విడుదల చేసినవి. ఈ రెండింటికీ విస్తరణ పెట్టెలు పలు వచ్చినవి. పటము నుండి పామును తొలగించిన సంస్థే 46 సంవత్సరాల తరువాత రాక్షసులతో నిండిన పటాన్ని అమ్మడము గమనించదగినది.

ఈ కోవలో బాగా పేరు పొందిన ఆట "కింగ్ ఆఫ్ టోక్యో". దీనిని "మ్యాజిక్: ది గ్యాదరింగ్" అనే చీట్ల ఆట రూపకర్త రిచర్డ్ గార్ఫీల్డ్ రూపొందించగా, ఫ్రాన్సుకు చెందిన ఇయెల్లో సంస్థ 2011లో ప్రచురించినది. ఇందులో ఆటగాళ్ళే రాక్షసులు. ఒక్కొక్కరికి 10 ప్రాణాలు ఉంటాయి. ఆరు పాచికలు వేసి, నచ్చినవి ఉంచుకొని, మిగిలినవాటిని మరి రెండుసార్లు వేయవచ్చును. పాచికల ముఖాలపై 1, 2, 3 అంకెలు, దెబ్బ కొట్టే పంజా, ప్రాణము పోసే గుండె, శక్తినిచ్చే మెరుపు గుర్తులు ఉంటాయి. టోక్యో నగరములో నిలిచిన రాక్షసుని పంజా బయట ఉన్న అందరికీ తగులుతుంది. బయటివారి పంజాలన్నీ అతనికే తగులుతాయి. నగరములో ఉన్నంతకాలము గుండె గుర్తులతో ప్రాణాలు పెంచుకోవడానికి వీలు లేదు. ముందుగా 20 పాయింట్లు సంపాదించినవారు, లేదా చివరి వరకు బ్రతికి ఉన్నవారు గెలుస్తారు.

దీని మొదటి విస్తరణ "పవర్ అప్" 2012లో వచ్చినది. అందులో ప్రతి రాక్షసునికి ప్రత్యేకమైన పరిణామ చీట్లు, "పాండాకై" అనే కొత్త రాక్షసుడు చేరినవి. 2014లో "కింగ్ ఆఫ్ న్యూయార్క్" అనే స్వతంత్రమైన ఆట వెలువడినది.

వైకుంఠపాళికి, ఈ ఆటలకు గల ముఖ్య భేదాలు ఇవి:

* వైకుంఠపాళిలో రాక్షసుడు పటముపై కదలకుండా ఉంటాడు. ఆధునిక ఆటలలో అతడు ఎదురు తిరుగుతాడు, చస్తాడు, లేదా ఆటగాడే రాక్షసుడు అవుతాడు.

* వైకుంఠపాళిలో పడిన పందెమే తుది నిర్ణయము. ఆధునిక ఆటలలో పాచికను తిరిగి వేసే అవకాశము, ఎంచుకొనే స్వేచ్ఛ ఉంటాయి.

* వైకుంఠపాళిలో ఒకరి కాటు వలన మరొకరికి లాభము లేదు. ఆధునిక ఆటలలో ఎదుటివాని నష్టమే తన గెలుపు.

* ఆధునిక ఆటల విస్తరణలు కొత్త బలాన్ని, కొత్త నియమాన్ని ఇస్తాయి. వైకుంఠపాళి విస్తరణలు కొత్త పేరును, దాని వెంట ఒక కథను ఇస్తాయి.

సంబంధించిన ఇతర ఆటలు

అష్టాచెమ్మా: 25 గళ్ళ పటముపై నాలుగు గవ్వలతో ఆడే ఆట. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా (4), నాలుగూ బోర్లా పడితే అష్టా (8). ఎదుటివారి కాయలను చంపుతూ, తమ కాయలను నడిమి గడికి చేర్చి పండించుకోవాలి.

పచ్చీసు: కూడలి ఆకారపు గుడ్డ పటముపై గవ్వలతో ఆడే ఆట.

పులిజూదము: మూడు పులులు, పదిహేను మేకలతో ఆడే ఆట. పేరులో జూదము ఉన్నా ఇందులో పాచిక లేదు, పందెమూ లేదు. మేకలను మింగడము పులి పని, పులిని కదలకుండా కట్టివేయడము మేకల పని. క్రూరమృగముతో నిజమైన పోరాటము, నేర్పు కావలసిన ఆట కావడము వలన ఇది వైకుంఠపాళికి సరిగ్గా ఎదురు కొసలో ఉంటుంది. పాత దేవాలయాల బండలపై ఈ పటాలు చెక్కి ఉండడము చూడవచ్చును.

భాషలో వైకుంఠపాళి

తెలుగు నుడికారములో ఈ ఆట స్థిరపడినది. ఎదుగుదల, పతనము వెంటవెంట వచ్చే జీవితాన్ని, వ్యాపారాన్ని, రాజకీయాన్ని వైకుంఠపాళితో పోల్చడము పత్రికలలో సాధారణము. పైకి వచ్చినవాడు ఒక్కసారిగా పడిపోతే "పెద్దపాము మింగింది" అంటారు. అనుకోకుండా పైకి వచ్చినవానికి "నిచ్చెన దొరికింది" అంటారు. ఎంత శ్రమించినా పని మొదటికి వస్తే "పాము నోట్లో పడినట్లయింది" అనడము కద్దు.

ప్రస్తుత స్థితి

కంప్యూటరు, చరవాణి ఆటల రాకతో ఇళ్ళలో పటము పరచడము తగ్గినది. పాములు-నిచ్చెనలు ఆట చరవాణులలో విరివిగా దొరుకుతున్నా, వాటిలో చాలావరకు నూరు గళ్ళు, అంకెలు మాత్రమే ఉన్నవి. పాత తెలుగు పటాలు చవక కాగితముపై అచ్చయినవి. మడతల వద్ద చిరిగి, పిల్లల చేతులలో నలిగి, పారవేయబడినవే ఎక్కువ. ఒక పటముతో మరొకటి పోల్చి చూస్తే గాని ఏ పాముకు ఏ పేరు ఉండేదో, ఏ నిచ్చెన ఏ లోకానికి చేరేదో తెలియదు.

అంకెల పటముపై ఆడినా పాము పామే, నిచ్చెన నిచ్చెనే. గెలుపు ఓటములు అక్కడా పందెం మీదే ఆధారపడతాయి. అయితే పావు జారినప్పుడు "ఎవరు మింగారు?" అని పిల్లవాడు అడిగే ప్రశ్నకు అంకెల పటములో సమాధానము లేదు. పాత పటాలు ఉన్నవారు వాటిని భద్రపరచడము, గళ్ళలోని పేర్లను వరుస సంఖ్యలతో వ్రాసి ఉంచడము ఈ ఆట చరిత్రకు ఎంతో ఉపకరిస్తుంది.